పెంచలమ్మ వాటా రెండు లీటర్లు

రొయ్యల మేత కంపెనీవాళ్లు ఆ ఏడు థాయ్‌లాండ్ తీసుకెళ్లే రైతుల జాబితా పంపినప్పుడు, అందులో పెంచలమ్మ పేరు చూసి విడవలూరు డీలరు విజయభాస్కర్ ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాడు. మేత ఎక్కువ కొన్న రైతులను ఏటా ఒక దేశం తిప్పి తీసుకురావడం ఆ కంపెనీ అలవాటు. బిల్లు ఎవరి పేరుతో ఉన్నా, బ్యాగు సర్దుకుని బయలుదేరేది మాత్రం మగవాళ్లే. అందుకని అతను బైకు వేసుకుని నేరుగా రొయ్యల గుంటల దగ్గరికి పోయి, పెంచలమ్మ భర్త హజరత్తయ్యను పలకరించాడు.

"అన్నా, పాస్‌పోర్టు ఉందా నీకు?"

హజరత్తయ్య గట్టు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. "నాకెందుకు? పట్టా ఆమె పేరుతో ఉండాది, బిల్లులు ఆమె పేరుతో ఉండాయి, మేత ఎంత వెయ్యాలో చెప్పేది ఆమే. పొయ్యేది ఆమె కాక నేనా?" అన్నాడు.

మాట న్యాయంగానే ఉంది. అయితే హజరత్తయ్యకు ఎత్తులంటే భయమనీ, సెల్‌టవర్ కింద నిలబడి పైకి చూసినా కళ్లు తిరుగుతాయనీ ఊళ్లో అందరికీ తెలుసు. విజయభాస్కర్ నవ్వుకుని, ఆడమనిషికి తోడుగా ఉంటుందని తన భార్య వినీలను కూడా ప్రయాణానికి ఒప్పించాడు. పెంచలమ్మకు పాస్‌పోర్టు రావడానికి నెలన్నర పట్టింది.

పెంచలమ్మకు యాభై ఆరేళ్లు. పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం పక్క పల్లె. పదో తరగతి పాసైంది. చదువు అక్కడితో ఆగిపోయినా చదవడం మాత్రం ఆగలేదు. అచ్చులో ఏది కనబడినా చదవకుండా ముందుకు కదలదు. పప్పు పొట్లం కట్టిన కాగితం, టానిక్ సీసా మీది చీటీ, మేత బస్తా వెనక చీమంత అక్షరాలు, అన్నీ చదువుతుంది. ఒకసారి గడువు దాటిన మేత రెండు బస్తాలు డీలరు గోడౌన్ నుంచి వస్తే, ఊళ్లో పదిమందికి వచ్చిన అలాంటి బస్తాల్లో ఆమె ఒక్కతే తేదీ చూసి వెనక్కి పంపింది. మిగతావాళ్లు గుంటల్లో చల్లేశారు. అప్పటినుంచి బస్తాలు దిగగానే "పెంచలమ్మక్కకు ఒకసారి చూపించండ్రా" అనడం ఊళ్లో మామూలైంది.

ఆమె అత్త కామమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. అత్తాకోడళ్లకు ముప్పై ఎనిమిదేళ్లుగా ఉన్న తగాదా ఒకటే, చుట్ట. కామమ్మ చుట్టను అందరిలా కాల్చదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటుంది. వయసులో ఉన్నప్పుడు తుంపరలో, సముద్రపు గాలిలో వరినాట్లు వేసేటప్పుడు నిప్పు ఆరిపోకుండా ఆడవాళ్లు పట్టిన ఉపాయం అది. కాపురానికి వచ్చిన రోజు సాయంత్రం అత్తగారు నిప్పును నోట్లో పెట్టుకోవడం చూసి పద్దెనిమిదేళ్ల పెంచలమ్మ "అయ్యో అయ్యో" అంటూ చెంబుడు నీళ్లు తెచ్చి ఆమె ముఖాన కొట్టింది. చుట్ట ఆరిపోయింది. అప్పుడు మొదలైన మూతివిరుపు అలాగే సాగింది. కామమ్మ వసారాలో చుట్ట ముట్టిస్తే పెంచలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయేది. ఇంకే విషయంలోనూ వాళ్లిద్దరికీ పేచీ లేదు. ఉప్పుతేలిన పొలంలో గుంటలు తవ్వుదామని పెంచలమ్మ అన్నప్పుడు దాయాదులంతా ఎగిరిపడితే, కామమ్మ చిటికెడు మన్ను నాలిక మీద వేసుకుని ఉమ్మేసి, "ఇంక దీంట్లో వరి పండదు. నా కోడలు చెప్పినట్టు చెయ్యండి" అని తీర్పు చెప్పేసింది. ఆ మాట పెంచలమ్మ మరిచిపోలేదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు కామమ్మ, కోడలు రెండడుగుల దూరంలోనే చీరలు మడత పెడుతున్నా, కొడుకును కేకేసింది.

"ఒరే హజరత్తూ, ఆ దేశంలో చుట్టలు దొరుకుతాయేమో కనుక్కోమను."

హజరత్తయ్య భార్య వైపు తిరిగాడు. "విన్నావు గదా?"

"ఆయమ్మకు డాక్టరు రోజుకు ఒకటే అన్నాడని చెప్పు," అంది పెంచలమ్మ మడత ఆపకుండా.

"ఒకటే తాగుతాలే. ఆ ఒకటీ విమానంలో వచ్చింది తాగుతా," అంది కామమ్మ.

పట్టాయాలో నాలుగు రోజులు సరదాగా గడిచిపోయాయి. పెంచలమ్మ పడవ ఎక్కింది, ఏనుగుకు అరటిపళ్లు పెట్టింది, అక్కడి రొయ్యల చెరువుల దగ్గర ఆగి నీళ్లలో వేలు ముంచి నాలికకు తగిలించి చూసింది. "మన నీళ్లకన్నా ఉప్పు తక్కువే వినీలా," అంది. రోజూ మధ్యాహ్నం ఆమె, వినీల కొబ్బరినీళ్లు తాగుతూ సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్లు. మగవాళ్లు పన్నెండు మంది ఎటు పోయేదీ వాళ్లు అడగలేదు.

చివరి రోజు పొద్దున టిఫిన్ల దగ్గర విజయభాస్కర్ ఒక కాగితం తీశాడు. అంతకుముందు ఏడు వేరే బృందంలో ఒకాయన చెన్నై విమానాశ్రయంలో సీసాలతో పట్టుబడి నానా అవస్థ పడ్డాడట. అందుకని ఈసారి నియమాలు అందరికీ ముందే చెప్పాలని అచ్చువేసి తెచ్చుకున్నాడు.

"వినండి. మనిషికి మందు రెండు లీటర్లు. అంతే. సిగరెట్లయితే వంద. లేదా చుట్టలయితే ఇరవై ఐదు. లేదా పొగాకయితే నూట ఇరవై ఐదు గ్రాములు. అది దాటితే ఎర్ర బోర్డు దగ్గరికి పొయ్యి చెప్పి సుంకం కట్టాల. చెప్పకుండా దొరికితే సరుకూ పోతుంది, పైన జరిమానా."

"ఇంకొకసారి చదువు విజయా," అంది పెంచలమ్మ. అతను చదివాడు. చివరికి ఆమె కాగితం తీసుకుని తనే కూడబలుక్కుని మూడోసారి చదివింది.

ఆమె తల ఎత్తేసరికి పన్నెండు మందీ ఆమెనే చూస్తున్నారు. నాలుగు రోజులుగా అంత శ్రద్ధగా ఆమెను ఎవరూ చూడలేదు.

ముందు తేరుకున్నది చెంగయ్య. అతని గుంటలు పెంచలమ్మ గుంటల పక్కనే. ఒకే కాలువ నీళ్లు పెట్టుకుంటారు. నలభై ఏళ్ల మనిషి, మంచివాడే, ఆశ ఎక్కువ.

"అక్కా, నువ్వు మందు తాగవు గదా?"

"తాగను."

"హజరత్తన్న కూడా మానేసినాడు గదా?"

"మానేసి ఎనిమిదేళ్లయింది."

"అయితే నీ రెండు లీటర్లు..."

"నా రెండు లీటర్లు నాయి," అంది పెంచలమ్మ ఇడ్లీ లాంటిదేదో గిన్నెలోకి వడ్డించుకుంటూ.

ఆ పూటంతా ఆమెకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. ఒకాయన కుర్చీ లాగి వేశాడు. ఇంకొకాయన ఆమె బ్యాగు మోస్తానని కిందికి తెచ్చాడు. మూడో ఆయన ఆమె గుంటల్లోని రొయ్యల ఆరోగ్యం గురించి మొదటిసారిగా ఆరా తీశాడు. చెంగయ్యయితే బస్సులో పక్క సీటులో కూర్చుని అన్నం పారబోస్తున్నవాళ్లను చూసినట్టు బాధపడిపోయాడు.

"ఊరికే వదిలేస్తావా అక్కా? రెండు లీటర్లు! గవర్నమెంటే తెచ్చుకోమని ఇస్తావుంటే!"

"గవర్నమెంటు నాకిచ్చింది. నీకిచ్చింది నీకుండాది గదా."

"నీది నాకియ్యకూడదా?"

"ఆ కాగితంలో అట్లా లేదే."

హజరత్తయ్య తాగిన రోజుల్లో ఒకనాడు పట్టపగలే గట్టు మీద నిద్రపోతే, గుంట నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయినా తెలియలేదు. ఒక గుంట రొయ్యలన్నీ తెల్లగా తేలిపోయాయి. మరుసటి రోజు నుంచి అతను సీసా ముట్టలేదు. ఆ విషయం చెంగయ్యకూ తెలుసు. అయినా ఆమె దాన్ని ఎత్తలేదు. ఎవరికోసమైనా సరే, సీసా పట్టుకుని తన గడప తొక్కడం ఆమెకు ఇష్టం లేదు, అంతే.

బ్యాంకాక్ విమానాశ్రయంలో సుంకం లేని దుకాణాల్లోకి మగవాళ్లు మళ్లగానే పెంచలమ్మ వినీలను వెంటబెట్టుకుని పొగాకు అమ్మేచోటికి పోయింది. అక్కడి అమ్మాయికి తెలుగు రాదు, పెంచలమ్మకు ఆ అమ్మాయి భాష రాదు. పెంచలమ్మ రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి, కాదు కాదని తలూపి, బొటనవేలంత లావు అని చూపించింది. ఆ పిల్ల నవ్వుతూ ఒక చెక్కపెట్టె తెచ్చింది. పెంచలమ్మ మూత తీయించి లెక్కపెట్టింది. ఇరవై ఐదు. పెట్టె అడుగున ఏం రాశారో వినీలతో చదివించుకుంది. ఇంకోసారి లెక్కపెట్టి కొనింది.

"అత్తకా?" అంది వినీల ఆశ్చర్యంగా. "ఆ పొగంటే నీకు పడదు గదక్కా!"

"నాకు పడదు. ఆయమ్మకు పడుతుంది," అంది పెంచలమ్మ.

విమానం ఎక్కే ముందు చెంగయ్య ఒక రంగుల సంచీ తెచ్చాడు. "అక్కా, మా పాపకు చాక్లెట్లు, బొమ్మలు. నా బ్యాగులో చోటు లేదు. చెన్నైలో బయటికి వచ్చేదాకా చేత్తో పట్టుకుంటావా?"

పాప అనేసరికి ఆమె ఇంకేం అడగలేదు. తీసుకుంది.

చెన్నైలో దిగాక పెట్టెలు రావడం ఆలస్యమైంది. అందరూ బెల్టు చుట్టూ నిలబడ్డారు. పెంచలమ్మ ఒక పక్క కూర్చుని, పొద్దుపోక సంచీలోంచి చాక్లెట్ డబ్బా తీసి వెనక అక్షరాలు చదవబోయింది. డబ్బా కింద బొమ్మ లేదు. పొడుగాటి అట్టపెట్టెలు రెండు ఉన్నాయి, బిగించి చుట్టిన కాగితంతో. ఒక్కో దాంట్లో పది ప్యాకెట్లు, ప్యాకెట్‌లో ఇరవై సిగరెట్లు. మొత్తం నాలుగు వందలు.

ఆమెకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా మనసు నొచ్చుకుంది. చెయ్యెత్తి చెంగయ్యను పిలిచింది.

అతను సంచీ తెరిచి ఉండడం చూసి వంగి గుసగుసగా అన్నాడు. "అక్కా, గమ్మున నడిచిపో. నిన్నెవురూ ఆపరు. పెద్దామెవి, బొట్టు, చేతిసంచీ... నిన్నెవురు అనుమానిస్తారు?"

"నన్నెవురూ అనుమానించరనే నా చేతికిచ్చినావా?"

చెంగయ్య ఒకడుగు వెనక్కి వేశాడు.

"ముప్పై ఏళ్లు చీమంత అక్షరాలు చదివి సంపాదించుకున్న పేరురా అది. నీ సిగరెట్లకు కవరు మాదిరి వాడుకున్నావే!"

విజయభాస్కర్ పరుగున వచ్చాడు. సంగతి తెలిసి అతని ముఖం పాలిపోయింది. "అక్కా, ఆ సంచీ ఆడ బండి మీద వదిలేసి మనం చెప్పేదేమీ లేనోళ్లు పొయ్యే పచ్చబోర్డు దారిలో పోదాం. ఎవురిదో ఏమో అంటారు."

"వదిలేస్తే ఎవురో ఒకరి నెత్తిన పడుతుంది," అంది పెంచలమ్మ లేస్తూ. "గుంటలో జబ్బొస్తే చెప్పకుండా నీళ్లు కాలవలోకి వదిలేస్తామా? ముందు పక్కోళ్లకు చెప్తాం. నడువు చెంగయ్యా."

ఎర్ర బోర్డు కింద ఎవరూ లేరు. పచ్చబోర్డు కింద వరుస ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. వరుసలోని పదకొండు మంది బృందంవాళ్లూ తమకేమీ తెలియనట్టు పైకప్పు చూస్తుండగా, పెంచలమ్మ ఖాళీగా ఉన్న దారిలో చెంగయ్యను వెంటబెట్టుకుని నడిచింది. విజయభాస్కర్, వినీల వెనకే వచ్చారు.

బల్ల వెనక ఉన్న కస్టమ్స్ అధికారి నలభై ఐదేళ్ల తమిళామె. తెలుగు బాగానే మాట్లాడుతుంది. సంచీలోవి బయటపెట్టి, "ఇది ఎవరిది?" అని అడిగింది.

సంచీ పెంచలమ్మ చేతిలో ఉంది. ఆమె జవాబు చెప్పలేదు. చెంగయ్య వైపు చూడనూలేదు. గోడ మీది బోర్డు చదువుతూ నిలబడింది. విజయభాస్కర్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాదే మేడమ్," అన్నాడు చెంగయ్య. "ఆమెకు తెలీదు. చాక్లెట్లని చెప్పి ఇచ్చినా."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వంద నీవి, తీసుకో. మిగతా మూడు వందలకు సుంకం కట్టు. సరుకు ధర కన్నా ఎక్కువే అవుతుంది. వద్దంటే ఇక్కడ వదిలేసి సంతకం పెట్టు. మీరే వచ్చి చెప్పారు కాబట్టి ఇంతటితో పోనిస్తున్నా."

చెంగయ్యలో పాత చెంగయ్య ఇంకా పూర్తిగా చల్లారలేదు. "మేడమ్, పోనీ ఇంకో వంద అక్క లెక్కలో వేసుకోండి. ఆమె సిగరెట్లేం తేలేదు."

"అట్లా కుదరదు," అంది పెంచలమ్మ, అధికారి నోరు తెరిచేలోపే. "నేను చుట్టలు తెచ్చినా. ఇరవై ఐదు. సిగరెట్లు వంద 'లేదా' చుట్టలు ఇరవై ఐదు. 'మరియు' అని లేదు." అంటూ తన బ్యాగులోంచి చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "లెక్కపెట్టుకోండమ్మా."

అధికారి పెట్టె మూత తీసింది. కుంకుమబొట్టును, జరీ అంచు నూలుచీరను, పెట్టెలోని చుట్టలను చూసింది.

"మీరు తాగుతారా?"

"అయ్యో, నాకు ఆ వాసనే పడదు. మా అత్తకి."

"మామియార్‌కా?" ఆ అధికారికి నవ్వు ఆగలేదు. పక్క బల్లమీది అతన్ని పిలిచి తమిళంలో చెప్పింది. అతనూ నవ్వాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో మామియార్‌కు చుట్టలు తెచ్చిన కోడల్ని నేను చూడలేదమ్మా. మందు ఏమైనా ఉందా?"

"లేదు."

"రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు కదా?"

"అందరూ అదే మాట," అంది పెంచలమ్మ విసుగ్గా.

చెంగయ్య మూడు వందల సిగరెట్లూ అక్కడే వదిలి కాగితం మీద సంతకం పెట్టాడు. చాక్లెట్లు మాత్రం తిరిగి సంచీలో వేసుకున్నాడు. బయటికి వచ్చేసరికి మిగతావాళ్లు వ్యాను దగ్గర నిలబడి ఉన్నారు.

దారి పొడుగునా చెంగయ్య చివరి సీటులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సూళ్లూరుపేట దాటాక టీ కోసం వ్యాను ఆగింది. అందరికంటే ముందు దిగి, రెండు గ్లాసులు పట్టుకుని పెంచలమ్మ కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చాడు.

"తప్పయిపోయిందక్కా."

పెంచలమ్మ టీ ఒక గుక్క తాగింది. "చక్కెర తక్కువేసినాడు," అంది.

చెంగయ్య గ్లాసు లాక్కుని దుకాణంలోకి పరిగెత్తాడు. చక్కెర కలిపి తెచ్చిన టీ మొత్తం తాగి, "ఎల్లుండి నీళ్లు ఎవురు ముందు పెట్టుకోవాల, నువ్వా నేనా?" అని అడిగింది. అతను "నువ్వేనక్కా" అన్నాడు గబగబా. వాళ్ల మధ్య ఆ సంగతి అక్కడితో తీరిపోయింది.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. హజరత్తయ్య ఐదు రోజుల మేత వివరాలు ఒక్క గుక్కలో అప్పజెప్పాడు. రొయ్యలు బాగున్నాయి, ఏరేటర్లు తిరుగుతున్నాయి, తాను మాత్రం రెండు కిలోలు తగ్గానన్నాడు. పెంచలమ్మ అతనికి తెచ్చిన నీలం టోపీ నెత్తిన పెట్టింది. తర్వాత వసారాలోకి పోయి, ఈసారి భర్తను మధ్యలో పెట్టుకోకుండా, పెట్టె తీసి అత్త ఒళ్లో పెట్టింది.

"రోజుకు ఒకటే అత్తా."

కామమ్మ చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అటూ ఇటూ దొర్లించింది. ముట్టించి, రెండు పీల్పులు పీల్చి, అలవాటు ప్రకారం నిప్పు కొసను నోట్లోకి తిప్పుకుంది. కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. ఇంటిల్లిపాదీ తీర్పు కోసం చూస్తున్నారు.

"ఇదేం చుట్టే?" అంది చివరికి, నోట్లోంచి తీసి. "ఏలక్కాయలేసిన పాయసం మాదిరి ఉండాది. ఘాటేదీ?"

పెంచలమ్మ ముఖం చిన్నబోయింది. పెట్టె అడుగున వినీల చదివిన మాటల్లో తీపి వాసన గురించి ఏదో ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఆ పదం వినీలకూ సరిగా అర్థం కాలేదు. పెంచలమ్మ చదివించుకుని కూడా వదిలేసిన అక్షరాలు అవొక్కటే.

"బాగలేదా?"

"బాగలేదని ఎవురన్నారు?" కామమ్మ మళ్లీ నోట్లో పెట్టుకుంది. "నాకోసం నువ్వు అంతదూరం నుంచి మోసుకొస్తే బాగలేకేం?"

పొగ మెల్లగా వసారా అంతా పరుచుకుంది. పెంచలమ్మ అలవాటుగా కొంగు ఎత్తబోయి ఆగింది. గాఢంగా ఒకసారి పీల్చి చూసింది. ఇది కళ్లు మండించే వాసన కాదు. మిఠాయి దుకాణం ముందు నిలబడ్డట్టుంది. ఆమె కొంగు వదిలేసి, స్తంభానికి ఆనుకుని అత్త పక్కనే కూలబడింది. కాపురానికి వచ్చిన ముప్పై ఎనిమిదేళ్లలో కామమ్మ చుట్ట తాగుతుండగా ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఏనుగును చూసినావంటనే?" అంది కామమ్మ.

"చూసినా. అరటిపండు తొక్కతో సహా తినేసింది."

"అట్నే తింటుందిలే. చెప్పు, ఇంకేం చూసినావు?"

పెంచలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. విమానం, పడవ, ఎర్ర బోర్డు, తమిళామె నవ్వు, అన్నీ చెప్పింది. చెంగయ్య పేరు వచ్చినచోట మాత్రం "ఒకాయన" అని దాటేసింది. ఆ 'ఒకాయన' ఎవరో కామమ్మ క్షణంలో కనిపెట్టి, నోట్లో చుట్ట ఉండగానే నవ్వింది. ఆ నవ్వుకు పొలమారి దగ్గితే పెంచలమ్మ వీపు నిమిరింది.

ఆ తర్వాత ఈ సంగతి విడవలూరు నుంచి నెల్లూరు దాకా పాకింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు, సింగపూర్ పెళ్లికి పోయేవాళ్లు ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. నెల్లూరులో దుకాణం ఉన్న తౌసిఫ్ అనే అతను మొన్న దుబాయ్ విమానాశ్రయం నుంచే చేశాడు.

"పెంచలమ్మక్కా, మీరు నన్నెరగరు. మా నాన్న చోటే సాహెబ్‌కు పైపులో వేసుకునే పొగాకు డబ్బా కొంటావున్నా. రెండొందల గ్రాములు. తేవచ్చా?"

పెంచలమ్మ అప్పుడు రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేను గుంటలోంచి పైకి లాగుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ట్రేలో మిగిలిన మేత చూస్తూ అంది.

"నూట ఇరవై ఐదు నాయనా. చిన్న డబ్బా అడుగు. డబ్బా మీద ఎంత రాసుండాదో నువ్వే చదువుకో, అంగడాయన చెప్పింది వినబాక. నాన్నను అడిగినానని చెప్పు."

ఫోను జేబుసంచీలో వేసుకుని, ట్రేను మళ్లీ నీళ్లలోకి దింపి, మేత ఒక కిలో తగ్గించమని హజరత్తయ్యకు కేక వేసింది.